మూగబోయిన ఫోను, జవాబు చెప్పని వ్యవస్థ

న్యూఢిల్లీ: ఇంట్లో టెలిఫోన్ మూగబోవడం జాతీయ సమస్య ఎట్లా అవుతుందని కొందరు పాఠకులు అడగవచ్చు. పార్లమెంటును గురించి, మంత్రివర్గాన్ని గురించి, పొరుగు దేశాలతో సంబంధాలను గురించి చర్చించవలసిన చోట ఒక కాలనీలో కేబులు తెగిన ముచ్చట ఎందుకన్నది సహేతుకమైన ప్రశ్నే. అయితే ప్రభుత్వానికీ పౌరునికీ మధ్యనున్న సంబంధం రాజ్యాంగ ప్రకరణాలలో కన్నా ఇటువంటి చిన్న అవస్థలలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఫోను పనిచేయని రోజున పౌరుడు ఎవరిని అడగాలి? జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు రాజధానిలో ఈనాటికీ తిన్ననైన సమాధానం లేదు.

విలాసమన్న రోజులు

1980ల ఆరంభంలో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో కమ్యూనికేషన్ల శాఖను నిర్వహించిన సి.ఎం. స్టీఫెన్, టెలిఫోన్ విలాస వస్తువేగాని హక్కు కాదనీ, సేవ నచ్చనివారు తమ ఫోన్లను తిరిగి ఇచ్చివేయవచ్చుననీ పార్లమెంటులో చెప్పిన మాట చాలాకాలం దేశమంతటా మారుమోగింది. అందులో అహంకారం ఉన్నదనడంలో సందేహం లేదు. కాని ఆనాటి వాస్తవమూ కొంత ఉన్నది. ఫోను కోసం ఏళ్ళ తరబడి నిరీక్షించిన కాలమది. 1994 నాటి జాతీయ టెలికాం విధానం చెప్పిన లెక్క ప్రకారం సైతం నూరుమందికి ఒక్క ఫోనైనా లేదు, 0.8 మాత్రమే. దేశంలో అత్యధిక సంఖ్యాకులు ఫోను లేకుండానే పింఛను తీసుకున్నారు, బ్యాంకులో సొమ్ము దాచుకున్నారు, రేషను తెచ్చుకున్నారు. ఫోనున్న కొద్దిమందికి అది చెడిపోతే ఉత్తరం ఉన్నది, టెలిగ్రాం ఉన్నది. అవసరం మరీ ముంచుకువస్తే ఎక్సేంజికి నడిచిపోయి లైన్‌మన్‌ను బతిమాలుకునేవారు. ఆ లైన్‌మన్ పండుగ మామూలు అడిగేవాడు. వానాకాలంలో ఓ పట్టాన దొరికేవాడు కాడు. అయినా అతనికొక ముఖమున్నది, కూర్చునేందుకొక చోటున్నది. కోపం వస్తే పోయి కేకలు వేయడానికి ఒక గుమ్మమున్నది.

ఆ తరువాతి చరిత్ర పాఠకులు ఎరిగినదే. 1985లో తంతి తపాలా శాఖ రెండుగా చీలింది. 1986లో ఢిల్లీ, బొంబాయి నగరాలకు మహానగర్ టెలిఫోన్ నిగమ్ ఏర్పడింది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మొబైల్ యుగం మొదలయింది. 2000లో భారత్ సంచార్ నిగమ్ వచ్చింది. 2013 జూలైలో టెలిగ్రాం శాశ్వతంగా నిలిచిపోయింది. నేడు దేశంలోని ఫోను కనెక్షన్లు వందకోట్లు దాటినవి. ఇది ఘన విజయమే. కాదనవలసిన పని లేదు.

విధిగా మారిన వస్తువు

అయితే ఈ విజయం వెంట మరొకటి చడీచప్పుడు లేకుండా వచ్చింది. బ్యాంకులో సొంత సొమ్ము బదిలీ చేయాలంటే ఫోనుకు ఓటీపీ రావాలి. ఆధార్ వివరాలు సరిచూసుకోవాలన్నా, గ్యాసు సిలిండరు చెప్పాలన్నా, పెద్దాసుపత్రిలో వైద్యుని దర్శనం ముందుగా ఖాయం చేసుకోవాలన్నా ఫోనే ఆధారం. రేషను దుకాణంలోని యంత్రానికి సైతం సిగ్నల్ కావాలి. మన్యం గ్రామాలలో దాని కోసం గుట్టలెక్కవలసిన అవస్థ మనకు తెలియనిది కాదు. ఫోను ఇప్పుడు విలాసం కాదు. అట్లాగని హక్కు కూడా కాలేదు. ఈ రెంటి మధ్య అది పౌరుని విధి అయి కూర్చున్నది. ఫోను ఉండి తీరవలసిన బాధ్యత పౌరునిది. అది పనిచేసి తీరవలసిన బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు.

ఈ విలేఖరి నివసించే కాలనీలో ఇటీవల మురుగు గొట్టాల కోసం తవ్విన గోతిలో కేబులు తెగి, కొన్ని రోజుల పాటు ఇళ్ళ ఫోన్లూ ఇంటర్నెట్టూ నిలిచిపోయినవి. సమీపంలోని టవరుకు పోయే తీగ కూడా అదే కావడంతో మొబైళ్ళూ అంతంతమాత్రమే. ఫిర్యాదు చేయాలంటే ఫోను చేయాలి. ఫోను లేకపోవడమే ఫిర్యాదు. పొరుగింటివారి ఫోను నుంచి పిలిస్తే యంత్రం పలికి, మీ నమోదిత నంబరు నుంచే పిలవండి అన్నది. తవ్వినవారిని అడిగితే కేబులు తమది కాదన్నారు. కేబులు గలవారిని అడిగితే గొయ్యి తమది కాదన్నారు.

ఇటువంటి నష్టాలను నివారించేందుకే తవ్వేముందు కేబులు యజమానిని సంప్రదించే ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్‌ను ప్రధాని 2023 మార్చి 22న ఢిల్లీలో ప్రారంభించారు. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3000 కోట్ల రూపాయల నష్టం కలుగుతున్నదని ప్రభుత్వమే ఆనాడు ప్రకటించింది. ఈ లెక్కలో తెగిన తీగల విలువ ఉన్నది. మూడు రోజులు కుమారుని గొంతు వినని తల్లి ఆందోళనకు అందులో పద్దు లేదు.

ఇంటివారి ఉపాయాలు

ప్రభుత్వం దారి చూపని చోట ఇల్లాళ్ళూ ముసలివారూ తమ దారి తాము చూసుకుంటున్నారు. ముఖ్యమైన నంబర్లను కాగితంపై వ్రాసి గోడకు అంటించడం, ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండు వేర్వేరు కంపెనీలవి ఉంచుకోవడం, వారం ఖర్చులకు సరిపడా నోట్లు బీరువాలో దాచుకోవడం తిరిగి అలవాటుకు వస్తున్నవి. సొంత కంపెనీ సిగ్నల్ పోయినా మరో కంపెనీ టవరు అందుబాటులో ఉంటే సాధారణంగా 112కు పిలుపు వెళుతుందన్న సంగతి ప్రతి ఇంటా తెలిసి ఉండాలి. పాత రాగితీగ ఫోనుకు విద్యుత్తు ఎక్సేంజి నుంచే వచ్చేది గనుక ఇంట్లో కరెంటు పోయినా అది పలికేది. నేటి ఫైబరు ఫోనుకు ఇంటి కరెంటే దిక్కు. ఈ తేడాను కనెక్షను ఇచ్చేటప్పుడు చెప్పే కంపెనీ కనబడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను అతలాకుతలం చేసినప్పుడు కరెంటూ ఫోనూ ఒకేసారి పోయి, పరదేశాలలోని బిడ్డలు అల్లాడిపోయిన సంగతి తెలుగువారు మరచిపోలేదు.

చట్టం దారి

ఇళ్ళలోని ఉపాయాలు అవసరమే. అవి చట్టానికి ప్రత్యామ్నాయం కావు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 9వ సెక్షను, సందేశాల విషయంలో ఉద్యోగి విధి తప్పినందువల్ల కలిగిన నష్టానికి ప్రభుత్వం బాధ్యురాలు కాదని చెప్పింది. దొరల ప్రభుత్వం తన రక్షణకు కట్టుకున్న గోడ అది. 2009లో సుప్రీంకోర్టు, టెలిఫోన్ వివాదాలకు ఆ చట్టంలోనే మధ్యవర్తిత్వం ఉన్నది గనుక వినియోగదారుల ఫోరాలకు పోరాదన్నది. తిరిగి ఆ తలుపు తెరుచుకొనడానికి 2022 ఫిబ్రవరి వరకు, అంటే 12 సంవత్సరాలకు పైగా, నిరీక్షించవలసి వచ్చింది.

టెలికాం నియంత్రణ సంస్థ 2024లో సేవా ప్రమాణాలపై కొత్త నిబంధనలు తెచ్చింది. ఇంటి ఫోను మరమ్మతుకు 3 రోజులు దాటితే అద్దెలో తగ్గింపు ఇవ్వాలి. మొబైల్ సేవ ఒక జిల్లాలో 24 గంటలకు పైగా నిలిచిపోతే పరిహారం కల్పించాలి. ఆహ్వానించదగిన అడుగే. కాని కొలబద్ద జిల్లా అయినప్పుడు కాలనీకి, గ్రామానికి దిక్కెవరు? నెలకు 400 రూపాయలు చెల్లించేవానికి ఒక రోజు అద్దె 13 రూపాయల పైచిలుకు. ఓటీపీ అందక ఆసుపత్రిలో డబ్బు కట్టలేని మనిషికి 13 రూపాయలు పరిహారమా, పరిహాసమా?

ఇందులో మరొక వైపరీత్యం ఉన్నది. 2019 ఆగస్టులో కాశ్మీరులో ప్రభుత్వమే ఇళ్ళ ఫోన్లతో సహా అన్నీ నిలిపివేసింది. శ్రీనగర్‌లో డిప్యూటీ కమిషనరు కార్యాలయంలోని ఫోను కోసం జనం బారులు తీరారు. పోస్ట్‌పెయిడ్ మొబైళ్ళు అక్టోబరు 14 దాకా పలకలేదు. ఆ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, నిలిపివేత ఉత్తర్వులను ప్రకటించి తీరాలన్నది. ఆచరణ ఎట్లున్నా ప్రభుత్వం నోరు నొక్కితే నేడు ఒక కాగితమైనా అడగవచ్చు. గొయ్యి తవ్వి నోరు నొక్కినవాడు ఏ కాగితమూ చూపనక్కరలేదు.

కావలసినది ఆ కాగితమే. సేవ ఎందుకు నిలిచింది, ఎవరి వల్ల నిలిచింది, ఎప్పటికి బాగవుతుంది అన్న ప్రకటన కాలనీ, గ్రామ స్థాయిలో బాధ్యుని పేరుతో సహా వెలువడాలి. తవ్విన సంస్థ నష్టం చెల్లించాలి. తుఫానుల వేళ ఒక కంపెనీ వినియోగదారు మరొక కంపెనీ టవరును వాడుకొనడానికి అనుమతిస్తున్న కేంద్రం, కేబులు తెగిన ఊరికి అదే సౌకర్యం ఎందుకు వర్తింపజేయరాదో చెప్పాలి. ఓటీపీ రాని రోజున రేషను, పింఛను ఆగకుండా వేరొక మార్గాన్ని ప్రతి కార్యాలయమూ పాటించాలి.

1885 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం చేశారు. 2024 జూన్ నుంచి విడతలుగా అమలులో పెట్టారు. అవసరమైనప్పుడు ఫోన్లను నిలిపే అధికారాన్ని ప్రభుత్వం అందులోనూ భద్రంగా ఉంచుకున్నది. వాటిని పలికించే బాధ్యతను అంతే స్పష్టంగా వ్రాసుకోలేదు. నచ్చకపోతే ఫోను తిరిగి ఇవ్వమని నాటి మంత్రి అన్నారు. నేటి పౌరునికి ఆ స్వేచ్ఛ సైతం లేదు. తిరిగి ఇవ్వడానికి వీలులేని వస్తువును పౌరుని చేతిలో పెట్టిన ప్రభుత్వం, అది పలకని రోజున తానైనా పలకాలి.