టేలర్ దొర, సురపురం రాజు

హైదరాబాదు నుంచి జహీరాబాద్, హుమ్నాబాద్ మీదుగా షోలాపూర్ వెళ్లే దారిలో నల్దుర్గ్ కోట వస్తుంది. హైదరాబాదు కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాల్లో నల్దుర్గ్ ఒకటి. దాని పాలన చూడడానికి వచ్చిన దొర ఫిలిప్ మెడోస్ టేలర్.

1808లో లివర్‌పూల్‌లో పుట్టిన టేలర్ పదిహేనేళ్లకే బొంబాయిలో ఒక వర్తకుడి దగ్గర పనికి వచ్చాడు. ఆ వ్యాపారం దెబ్బతినడంతో నిజాం కొలువులో చేరాడు. హైదరాబాదు సాహుకారు విలియం పామర్ కూతురు మేరీని పెళ్లాడాడు. థగ్గుల మీద ఆయన రాసిన నవల 1839లో వచ్చింది; దాన్ని విక్టోరియా రాణి కూడా ఆసక్తిగా చదివింది. సాహిత్యలోకం ఆయన్ని ఆ నవలతోనే గుర్తుపెట్టుకుంది. మా దృష్టిలో అంతకన్నా పెద్ద కథ ఆయన ఉద్యోగ జీవితంలోనే ఉంది.

నల్దుర్గ్‌కు రాకముందు, 1841లో ఆయన్ని బేడ నాయకుల సంస్థానమైన సురపురానికి పంపారు. అక్కడి రాజు పోయాక, మైనరు వారసుడు వెంకటప్ప నాయకుణ్ని, అతని సంస్థానాన్ని పన్నెండేళ్ల పాటు టేలరే చూసుకున్నాడు. పిల్లవాడు ఆయన్ని ‘అప్పా’ అని పిలిచేవాడు. 1858లో ఆ వెంకటప్పే ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడి, ఓడి, హైదరాబాదులో పట్టుబడ్డాడు. చెరలో ఉన్నవాణ్ని చూడడానికి టేలర్ వెళ్తే రాజు ఆయన్ని పట్టుకుని ఏడ్చాడట. తనను ఉరి తీయవద్దని, ఫిరంగికి కట్టి పేల్చమని కోరాడట. తోటివాళ్ల పేర్లు చెప్పమంటే మాత్రం చెప్పలేదు. ఉరిశిక్ష తప్పింది గానీ, చెంగల్పట్టు వైపు తీసుకెళ్తుండగా దారిలోనే తుపాకి గుండుకు ప్రాణం పోయింది. 1860లో బ్రిటిష్‌వాళ్లు ఆ సంస్థానాన్ని నిజాంకు ఇచ్చేశారు.

టేలర్ మమకారాన్ని మేము శంకించడం లేదు. అయితే ఆయన పెంచిన బిడ్డను, చక్కదిద్దిన సంస్థానాన్ని మింగినది ఆయన జీవితమంతా కొలిచిన అధికారమే. మంచి దొరల కథలు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి దాటవేయడం అన్యాయం. పైగా చెరసాలలోని ఆ మాటలు కూడా టేలర్ ఆత్మకథ ద్వారానే మనదాకా వచ్చాయి. రాజు తన చేత్తో రాసుకున్న కథ మన ముందు లేదు.

జహీరాబాద్, సదాశివపేట, బీదరు ప్రాంతాల పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో తాతల నాటి ఫార్సీ, మోడీ లిపి కాగితాలు, సనదులు, లెక్కల పుస్తకాలు ఉంటే చెదల పాలు చేయకండి. హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాలేఖన కార్యాలయానికి చూపించండి. ఆ కాలాన్ని మనవాళ్ల రాతల్లోంచి కూడా చదవాలి.