విప్పి చూసే హక్కు

‘రైట్ టు రిపేర్’ అనగానే మన నోట్సులో రెండు పాయింట్లు కనిపిస్తాయి: వినియోగదారుల హక్కు, ఈ-వ్యర్థాల తగ్గింపు. రెండూ సరైనవే. మూడోది ఒకటి వదిలేస్తున్నామని నా అభిప్రాయం. అది చదువు.

మొన్న వేసవిలో మా రూమ్‌లో ఫ్యాన్ మొరాయించింది. చేత్తో తిప్పితే గానీ తిరగదు. నేను ఈసీఈ చదివాను. కెపాసిటర్ సమీకరణాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అయినా కొత్త ఫ్యాన్ కొందామన్నది నేనే! తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్న మా రూమ్మేట్ మాత్రం మెయిన్ ఆపేసి, స్టూలెక్కి, రాడ్డు దగ్గరి కప్పు దించి చూసి, "కండెన్సర్ పోయింది మామా" అన్నాడు. 2.5 మైక్రోఫారడ్‌ది ఒకటి తెచ్చి మార్చాం. ప్లేటు బిర్యానీ కంటే తక్కువే అయింది. వాళ్ల నాన్నకు ఊళ్లో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు ఉండేదట. స్కూలు అయ్యాక వాడు కూర్చున్నది అక్కడే.

పాత రేడియోలు కొన్నింటికి వెనక అట్ట లోపలే సర్క్యూట్ డయాగ్రమ్ అంటించి ఉండేది. నాలుగు స్క్రూలు తీస్తే లోపల ఏముందో తెలిసిపోయేది. ఇప్పటి ఫోన్ తెరవాలంటే ముందు వేడి చేసి జిగురు మెత్తబరచాలి. తెరిచి, మరో ఫోన్‌లోని ఒరిజినల్ స్క్రీనే తెచ్చి వేసినా, కొన్ని మోడళ్లలో సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. డబ్బు నష్టం సంగతి అలా ఉంచండి. లోపల ఏముందో చూద్దామనుకునే పదిహేనేళ్ల పిల్లాడికి ఇది మూసేసిన తలుపు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అని రంగాలను గుర్తించారు. డిసెంబరులో పోర్టల్ కూడా వచ్చింది. పోర్టల్ మంచిదే, కానీ అది చట్టం కాదు. ఫ్రాన్స్ 2021 నుంచే కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు స్కోరు చూపాలని నిబంధన పెట్టింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు ఇవ్వాలి.

మరోవైపు మనం అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెడుతున్నాం. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్‌లో భాగం ఇవి. 6 నుంచి 12వ తరగతి పిల్లలకోసం. ఒక్కో స్కూలుకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు. 2025-26 బడ్జెట్లో ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ల్యాబ్‌లు అన్నారు. నేను దీన్ని తప్పుపట్టడం లేదు. మా స్కూల్లో ఒక్క ఆర్డుయినో ఉన్నా నా ఇంజనీరింగ్ ఇంకోలా ఉండేదేమో.

అయితే కిట్ అనేది ప్రిలిమ్స్ లాంటిది. జవాబు ఆ నాలుగు ఆప్షన్లలోనే ఎక్కడో ఉంటుంది. షీట్‌లో చూపిన చోట వైర్లు పెడితే ఎల్‌ఈడీ వెలుగుతుంది. పాడైన మిక్సీ మెయిన్స్ పేపర్. ఫ్యూజా, స్విచ్చా, కార్బన్ బ్రష్‌లా, వైండింగే కాలిపోయిందా? ఒక్కోటీ అనుమానించి, కొలిచి, కొట్టేసుకుంటూ పోవాలి. రాజ్యాంగం 51ఎ(హెచ్)లో చెప్పిన శాస్త్రీయ దృక్పథానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే చవకైన పాఠం లేదు.

అందుకే ప్రతి ల్యాబ్‌లో పాడైన వస్తువులకు ఒక బల్ల ఉండాలంటాను. ఈ ల్యాబ్‌లకు స్వచ్ఛంద మెంటర్లను తీసుకునే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆ జాబితాలో ఊరి టీవీ మెకానిక్ ఎందుకు ఉండకూడదు? హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో తిరిగినవాళ్లకు తెలుసు, అక్కడి మనుషుల చేతుల్లో ఎంత విద్య ఉందో. పిలిచిన రోజుకు కూలి గిట్టుబాటయ్యేలా గౌరవ వేతనం కూడా ఇవ్వాలి. ఉచిత సేవ అడగడం వాళ్ల విషయంలో అన్యాయం.

భద్రత మాటేమిటి అంటారు. కొట్టిపారేసే ప్రశ్న కాదది. మైక్రోవేవ్ ఓవెన్ ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే మంటలు లేవొచ్చు. అవి పిల్లల చేతికి ఇవ్వకూడదు, అంతే. బ్యాటరీ తీసేసిన రిమోట్, ఆగిపోయిన గోడ గడియారం, పనిచేయని కీబోర్డు, బొమ్మ కారుతో మొదలుపెట్టడానికి ఏ అడ్డూ లేదు. ఓవెన్‌ను చూపించి గడియారాన్ని కూడా తెరవనివ్వకపోవడమే నాకు నచ్చదు.

రూమ్మేట్ వాళ్ల నాన్న షాపు ఏమైందని అడిగాను. ఇప్పుడు అదే గదిలో మొబైల్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్ముతున్నారట. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఇంకా సొరుగులోనే ఉందన్నాడు.

సాధన ప్రశ్న: మరమ్మతు హక్కును చట్టబద్ధం చేస్తే చిన్న మెకానిక్‌లకు మేలు జరుగుతుందా, లేక అధీకృత సర్వీస్ సెంటర్లకేనా? చర్చించండి. (250 పదాలు)