సైకిలు త్రొక్కు బాలికలకు



గడచిన ఆషాఢమున మా వీధి బాలిక యొకతె ఊరి పడమటనున్న బడికి దినదినమును ఆలస్యముగా పోవుచుండెను. రాయదుర్గపు పడమటిగాలి కెదురుగా త్రొక్కలేక మోకాళ్లు నొచ్చుచున్నవని యేడ్చెను. "ఆడపిల్ల కింత శ్రమ యేల తల్లీ? బడి మాన్పించెదము" అని దాని యవ్వ మాతో ననెను. మేము సైకిలును చూచితిమి. లోపము పిల్లయందు లేదు. సీటు మిక్కిలి క్రిందుగను, చక్రములు గాలిలేక మెత్తగను ఉండెను.

సీటుపై కూర్చుండి, క్రిందికి దిగిన పెడలుపై మడమ నుంచినపుడు కాలు చక్కగా చాగవలెను. పిమ్మట పాదపు ముందుభాగముతో త్రొక్కిన మోకాలు కొంచెము వంగియుండును. అదియే తగిన యెత్తు. వారమున కొకమారు చక్రములకు గాలి కొట్టవలెను.

కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములందు వేదవతి యిసుకను దిబ్బలుగా పోసినది ఈ గాలియే. ఇట్టి సీమలో గొలుసున దుమ్ము చేరక మానదు. పొడిగుడ్డతో తుడిచి, చుక్కచుక్కగా నూనె వేసి, పైని మిగిలినదానిని తుడిచివేయవలెను.

ఎదురుగాలితో బలమునకు పోరాదు. మేను ముందుకు వంచి, ఒకే లయతో తేలికగా త్రొక్కవలెను. ఓణీచెంగు చక్రమున పడకుండ నడుమునకు బిగింపవలెను. బయలుదేరుటకు ముందే రెండు బ్రేకులను పరీక్షింపవలెను.

1991 లో తమిళనాట పుదుక్కోట్టై జిల్లాయందు అక్షరములు దిద్దుచున్న వేలకొలది గ్రామస్త్రీలు సైకిలును గూడ నేర్చిరి. అదియు మనవంటి మెట్టసీమయే.

మా బాలిక యిప్పుడు గంట మ్రోగకముందే బడి చేరుచున్నది. శనివారమునాడు పంపు తెచ్చి యిచ్చునది యవ్వయే. కావున సోదరీమణులారా, పిల్ల మోకాళ్లు నొచ్చుచున్నవనిన బడి మాన్పింపకుడు. మొదట సీటును పైకెత్తుడు.