వేగం సరే, ఫోను ఎవరి చేతిలో ఉంది?

2025 ఆగస్టు 15కి మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చి 30 ఏళ్ళు నిండాయి. 1995లో అదే రోజున విదేశ్ సంచార్ నిగమ్ దాన్ని ప్రారంభించింది. ముందుగా బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులకు ఇచ్చారు. హైదరాబాదుకే ఆ వరుసలో చోటు లేదు. ఇక నల్లమల అంచున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న మా బల్మూర్ మాట చెప్పేదేముంది? ఫోను చెయ్యాలంటే అచ్చంపేట పోయి ఎస్టీడీ బూతు ముందు నిలబడేవాళ్ళం.

2022 అక్టోబర్ 1న 5జీ మొదలైంది. ఇప్పుడు 6జీ గురించి మాట్లాడుతున్నారు. ఈ వేగాన్ని నేను తప్పు పట్టను. 2025 జనవరిలో మా మండలంలోని మైలారంలో గుట్టను గనికి ఇవ్వొద్దని జనం దీక్షకు కూర్చున్న సంగతి నాకు ఫోనులోనే తెలిసింది. కానీ వేడుక చేసుకునే ముందు, ఈ వేగం ఎవరి పనికి వస్తోంది, ఎవరి నెత్తిన పడుతోంది అని అడగాల్సిన వాళ్ళం మనమే.

2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనికాడ రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే హాజరు అన్నారు. సిగ్నల్ లేని చోట ఫొటో తీసి పెట్టుకుని తర్వాత ఎక్కించవచ్చనే వెసులుబాటు ఉండేది, నిజమే. ఆ ఎండాకాలం చెరువు పూడిక తీసే పనిలో ఒక రోజు రెండో ఫొటోకు ముందే ఫోను ఆగిపోయింది. చార్జింగ్ లేదు. పొద్దటి నుంచి మట్టి మోసిన ఆడవాళ్ళ మస్టరులో ఆ రోజు ఖాళీ. ఆ ఏడు ప్రకటించిన కూలి రోజుకు 272 రూపాయలు. సంఘంలోని ఒక ఒంటరి మహిళతో కలిసి అడగడానికి వెళ్ళాను.

"ఫొటో లేదు కాబట్టి పని లేదు" అన్నారు.

"తవ్విన గుంత ఉన్నది గదా సారూ, వచ్చి చూడుండ్రి" అన్నది ఆమె.

"గుంత సిస్టంల లేదమ్మా."

నేను ఎన్నో ఆఫీసుల్లో ఎన్నో జవాబులు విన్నాను గాని, ఇంత నిజాయితీగా చెప్పిన మాట వినలేదు. కంటికి కనబడే శ్రమ కన్నా తెరమీద బొమ్మ ఎక్కువైపోయింది. పోనీ దొంగ మస్టర్లయినా ఆగాయా? సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు మళ్ళీ తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో 125 రోజుల పని అంటూ కొత్త చట్టం చేసింది. యంత్రం మీది నమ్మకం అందులోనూ తగ్గలేదు; బయోమెట్రిక్ మాట ఉండనే ఉంది. చేతులు అరిగిపోయి రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక వెనక్కి వచ్చిన ముసలమ్మలను చూసిన వాళ్ళకు ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ఇంటి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 26 మంది చిల్లర. మగవాళ్ళలో సగానికి పైనే. మా ఊళ్ళలో ఇంటికో ఫోను ఉంది, అది మగవాళ్ళ జేబులో ఉంది. ఆమె ఖాతాకు సంబంధించిన ఓటీపీ అతని ఫోనుకు వస్తుంది. ఇంటర్ చదివే పిల్ల చేతిలో ఫోను కనబడితే, 'ఎవడితో మాట్లాడుతున్నవ్' అనేది మొదటి ప్రశ్న. టవరు ఎంత పెద్దదైనా ఈ గోడ దాటి లోపలికి రాదు.

కోర్టులు కొంత దారి చూపాయి. హాస్టల్లో ఫోను ఆంక్షను ఎదిరించిన ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని కేసులో 2019లో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమన్నది. యాసిడ్ దాడికి గురై, కెమెరా ముందు కనురెప్ప ఆడించలేక బ్యాంకు ఖాతా తెరవలేకపోయిన వాళ్ళ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఈ తీర్పులు మన దగ్గరి ఆఫీసుల్లో ఎవరికీ తెలియవు. మనమే కాపీలు పట్టుకుపోవాలి. యంత్రం పని చెయ్యని రోజున కాగితం మస్టరు చెల్లాలని, ఎవరి ఖాతాకు వారి నంబరే ఉండాలని రాసి ఇవ్వాలి.

వచ్చే సమావేశానికి వచ్చే కార్యకర్తలు తమ ఊళ్ళో సొంత ఫోను ఉన్న ఆడవాళ్ళు ఎందరో, ఖాతాకు తమ నంబరే ఉన్నవాళ్ళు ఎందరో ఇల్లిల్లూ తిరిగి రాసుకు రండి. ఇంట్లో మగవాళ్ళు జవాబు చెబితే ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళండి.