మూడు నెలల కరాటేతో సరిపెట్టొద్దు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో కరాటే పిల్లలు ఊరి కంట పడేది ఎక్కువగా పేపర్ జిల్లా పేజీలోనే. మెడలో మెడళ్లు, చేతుల్లో సర్టిఫికెట్లు, మధ్యలో మాస్టర్, పక్కన అభినందిస్తున్న నాయకుడు. దాని కోసం పిల్లలు ఎన్ని సాయంత్రాలు మట్టి గ్రౌండులో చెమటోడ్చారో ఆ ఫొటోలో కనబడదు. కరాటే అంటే నాలుగు దెబ్బలు నేర్చుకోవడమేనన్న అభిప్రాయం జనంలో నాటుకుపోవడానికి అదొక కారణం. సర్కారు బడి ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి మూడు నెలలు చాలనుకోవడంలోనూ ఆ అభిప్రాయమే ఉంది.

ఆ పథకం పేరు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్. సమగ్ర శిక్ష కింద 6 నుంచి 12వ తరగతి దాకా చదివే ఆడపిల్లలకు మూడు నెలల శిక్షణ ఇస్తారు. బడికి నెలకు 5,000 రూపాయలు. వద్దనాల్సిన పథకం కాదు. ఫీజు కట్టి క్లబ్బులో చేరలేని రైస్‌మిల్లు హమాలీ కూతురికి కరాటే నేర్చుకునే దారి చాలాసార్లు ఇదొక్కటే. ఎవడైనా చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం, భయపడకుండా గొంతెత్తి అరవడం మూడు నెలల్లో నేర్పొచ్చు. కానీ నేర్చుకున్నది ఒంటికి పట్టే వేళకు మాస్టర్ రావడం ఆగిపోతుంది.

ఒంటికి పట్టడమంటే ఏమిటో తెలియాలంటే షోటోకాన్ పద్ధతి క్లబ్బుల్లో మొదట్లోనే నేర్పే హెయాన్ షోదాన్ అనే కటాను, అంటే వరుస కదలికల కూర్పును, దగ్గరుండి చూడాలి. మొత్తం 21 కదలికలు. ఎడమకు తిరిగి, కిందికి వచ్చే దెబ్బను ముంజేత్తో అడ్డుకుని, ఒకడుగు ముందుకేసి గుద్దాలి. గుద్దే చెయ్యి ఎంత వేగంగా ముందుకు పోతుందో, రెండో చెయ్యి అంతే వేగంగా నడుం దగ్గరికి రావాలి. కొత్తవాళ్లు తరచూ మర్చిపోయేది ఈ రెండో చేతినే. మధ్యలో రెండుచోట్ల ‘కియాయ్’ అని అరవాలి. అన్నీ సరిగ్గా పడితే మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడతారు. అడుగు ఒకటి పొట్టిగా, ఇంకొకటి బారుగా పడిందా, సుద్దతో గీసిన గుర్తు దాటి ఎక్కడో తేలతారు. అప్పుడు పక్కనున్న గ్రీన్ బెల్ట్ అమ్మాయి “మోకాలు ఇంకా వంచాలె రా, మళ్ల చెయ్” అంటుంది. ఎల్లో బెల్ట్ చిన్నోడు “సరే అక్కా” అని మళ్లీ మొదటికొస్తాడు.

క్లబ్బుకు ప్రాణం ఈ అక్కలు, అన్నలే. ఒక్క మాస్టర్ అంతమంది పిల్లల మోకాళ్లు, మోచేతులు చూడలేడు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చూపిస్తారు, చూపించేటప్పుడే తమ తప్పు తమకు తెలుస్తుంది. తండ్రి ఆటో నడిపినా, మిల్లు నడిపినా నిలబడే వరస మాత్రం బెల్టును బట్టే. కోదాడలో టోర్నమెంటంటే సూర్యాపేట పిల్లలు పొద్దున్నే కలిసి ఆర్టీసీ బస్సెక్కుతారు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు బస్సు ఛార్జీ లేదు. పంపాలా వద్దా అని ఇంట్లో వేసుకునే లెక్కలో ఒక ఖర్చు తగ్గడం చిన్న సాయం కాదు. మూడు నెలల శిక్షణలో లేనిది ఈ అక్కలు, అన్నల తోడే.

నిజానికి ఇప్పుడు మనం చూస్తున్న కరాటే బడిలోనే రూపు దిద్దుకుంది. జపాన్‌లోని ఒకినావా దీవిలో 1901లో ఇటోసు అంకో ప్రాథమిక పాఠశాలలో కరాటే నేర్పించడం మొదలుపెట్టారు. పినాన్ అనే అయిదు కటాలను పిల్లల కోసం కూర్చారు. ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ 1922లో కరాటేను టోక్యోకు తీసుకెళ్లి, తర్వాత వాటికే హెయాన్ అని పేరు పెట్టారు. మిర్యాలగూడ పిల్ల ఇవాళ చేస్తున్నది ఆ బడిపిల్లల కటానే. కరాటే త్వరగా వచ్చేది కాదని, రోజుకు గంటా రెండు గంటల చొప్పున మూడు నాలుగేళ్లు సాధన చేయాలని ఇటోసు 1908లో రాసిన లేఖలో స్పష్టంగా చెప్పారు. ఆయన ఏళ్లలో చెప్పిన లెక్కను మనం నెలల్లోకి కుదించాం.

క్లబ్బులన్నీ సవ్యంగా నడుస్తున్నాయని కాదు. కటా కుదిరిందో లేదో చూడకుండా ఫీజు తీసుకుని బెల్ట్ కట్టేవాళ్లున్నారు. స్టేజీ ఎక్కించి టైల్స్ పగలగొట్టిస్తే అదే శిక్షణ అనుకునేవాళ్లూ ఉన్నారు. దేశంలో కరాటే సంఘాల తగాదాలు ముదిరి, 2020లో భారత ఒలింపిక్ సంఘం కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపును రద్దు చేసింది. అందుకే నేషనల్స్ అని బ్యానర్ కట్టిన ప్రతి పోటీకీ ఒకే విలువ ఉండదు. టోక్యో ఒలింపిక్స్‌లో ఉన్న కరాటే 2024 పారిస్‌లో లేదు. పతకాల ఆశతో పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులకు మాస్టర్లు ఈ సంగతులన్నీ మొదటి రోజే చెప్పాలి.

ఇక చోటు. ఆటంటే ఈ ప్రాంతానికి ఎంత ఇష్టమో 2021 మార్చిలో సూర్యాపేటలో జరిగిన జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు వచ్చిన జనమే చెప్పారు. తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కూలి ఎందరో గాయపడ్డారు. ఇష్టానికి తగ్గ ఏర్పాట్లు లేకపోతే ఏమవుతుందో అప్పుడే చూశాం. కరాటేకు గ్యాలరీలు అక్కర్లేదు. చదునైన నేల, రెండు లైట్లు, బట్టలు మార్చుకోవడానికి ఒక గది, ఆడపిల్లలకు బాత్రూం చాలు. సాయంత్రం అయిదు దాటాక ఖాళీగా ఉండే సర్కారు బడుల్లో వీటిలో చాలావరకు ఉన్నవే.

నెలకు 5,000 చొప్పున పది నెలలు ఇస్తే ఒక బడికి ఏడాదికి 50,000 రూపాయలు. మూడు పట్టణాల్లో మూడేసి బడులతో మొదలుపెట్టినా నాలుగున్నర లక్షలు దాటదు. సాయంత్రం బడి గేటు తెరిచి, ఊళ్లోని క్లబ్బు పిల్లల్నీ అక్కడికే రమ్మంటే సర్కారు బడి పిల్లలకు అక్కలు, అన్నలు దొరుకుతారు, క్లబ్బుకు నేల దొరుకుతుంది. మూడు నెలల శిక్షణ పూర్తిచేసిన అమ్మాయిల పేర్లు బడి రిజిస్టర్లలోనే ఉంటాయి. సూర్యాపేట, నల్లగొండ జిల్లాల అధికారులు ముందుగా వాళ్లనే పిలవాలి. వేసవి సెలవుల్లో మాస్టర్లతో మాట్లాడుకుంటే జూన్‌లో బడులు తెరిచిన వారానికే క్లాసు మొదలుపెట్టొచ్చు.