పగులును నిలబెట్టే ఇసుక



చిల్లకూరు, కోట మండలాల తెల్ల ఇసుక గాజు తయారీకి పోతుందని మనకు తెలుసు. సిలికా ఇసుకకు మరో పని కూడా ఉంది. బండరాయిలో చిక్కుకున్న సహజవాయువుకు దారి తెరిచి ఉంచేది అదే.

మామూలు బావిలో రాతి రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక గ్యాస్ దానంతటదే వస్తుంది. బిగువైన రాళ్లలో అలా రాదు. నీటిని విపరీతమైన ఒత్తిడితో పంపి రాతిని పగులగొట్టాలి. దీన్నే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ అంటారు. 1947లో అమెరికాలోని కాన్సాస్‌లో తొలి ప్రయోగం జరిగింది.

కానీ పంపు ఆపగానే చుట్టూ ఉన్న రాతి ఒత్తిడికి పగులు మూసుకుపోతుంది. అందుకే నీటితోపాటు గుండ్రని, గట్టి రేణువులను పంపుతారు. నీరు వెనక్కి వచ్చినా అవి పగుల్లో ఊతంగా నిలుస్తాయి. వాటి పేరు ప్రాపెంట్. రేణువు నలిగితే ఆ పొడే దారికి అడ్డం పడుతుంది. మెత్తని రాతిలోనైతే రేణువు గోడలోకి దిగబడుతుంది. పగులు సన్నబడేకొద్దీ ఉత్పత్తి తగ్గిపోతుంది. చాలా లోతైన బావుల్లో ఇసుక ఆగదు, సిరామిక్ గుళికలు కావాలి.

మన తీరంలోనే ఇందుకు పాఠం ఉంది. కాకినాడ వైపు సముద్రంలోని దీన్‌దయాళ్ క్షేత్రంలో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ ఉందని 2005లో ప్రకటించారు. తరువాతి అభివృద్ధి ప్రణాళికలో అది దాదాపు 2 ట్రిలియన్లకు దిగింది. రాయి బిగువు, వేడి, ఒత్తిడి ఎక్కువ. ఫ్రాక్చరింగ్ లేనిదే గ్యాస్ రాని పరిస్థితి. 2015 నాటికి గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ అప్పు 19 వేల కోట్ల రూపాయలు దాటింది. చివరకు 2017లో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ 7,738 కోట్లకు కొన్నది. అంతా ప్రజల డబ్బే.

రాతిలో ఎంత గ్యాస్ ఉందన్నది సగం మాటేనని మా అభిప్రాయం. పగులు ఎన్నేళ్లు తెరిచి ఉంటుంది, బావి రెండో ఏడు ఎంత ఇస్తుంది అని కూడా అడగాలి. ఆ ప్రశ్న అడగగల ఇంజనీర్లు మన వసతి గృహాల నుంచి రావాలి.

మన చదువుకూ ఇదే వర్తిస్తుంది. సీటు ఇవ్వడం దారి తెరవడం మాత్రమే. సకాలంలో స్కాలర్‌షిప్, చాలినంత మెస్ చార్జీ, సాయంత్రం ట్యూషన్ చెప్పే మాస్టారు, ఇవి ఊతంగా లేకపోతే తెరిచిన దారి మూసుకుపోతుంది. ఊతం ఇమ్మని ప్రభుత్వాన్ని అడుగుదాం. పూర్వ విద్యార్థులారా, తమ్ముళ్లకు మీరూ ఒక రేణువై నిలవండి.