ఉమ్మడి ఫోల్డరు కూడా అమానతే

దివ్యఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది ఋణ వ్యవహారాలను వ్రాసి ఉంచుకోవడం గురించినది. వ్రాసేవాడు ఎలా ఉండాలి, సాక్షులు ఎవరు, చిన్న బాకీని సైతం వ్రాతలో పెట్టడానికి బద్ధకించరాదన్న సంగతి - అన్నీ అందులో ఉన్నాయి. మన తాతల కాలంలో ఆ వ్రాత ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకంలో ఉండేది. నేడు వస్త్రాల టోకు దుకాణమైనా, ఉమ్రా ప్రయాణాల కార్యాలయమైనా, నలుగురు కూర్చుని పనిచేసే చోట ఖాతాలన్నీ ఒక ఉమ్మడి ఫోల్డరులో ఉంటున్నాయి. ఆ ఫోల్డరు ఓ పాత కంప్యూటరులోనో, రూటరు ప్రక్కన పెట్టిన నాస్ పెట్టెలోనో ఉంటుంది. అది తెరుచుకోనినాడు గాని దాని గురించి ఎవరూ ఆలోచించరు.

తెరుచుకోనప్పుడు ముందుగా విచారించవలసినది ఒక్కటే: అందరికీ తెరుచుకోవడం లేదా, ఒక్కరికేనా? అందరికీ అయితే లోపం పెట్టెలోనో, స్విచ్చిలోనో, కరెంటులోనో ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక రూటరు ఆ పెట్టెకు క్రొత్త ఐపీ చిరునామా ఇచ్చి ఉండవచ్చు. పాత చిరునామాతో వెదికే కంప్యూటర్లకు అది కనిపించదు. రూటరులో దానికి స్థిరమైన చిరునామా కేటాయిస్తే ఈ బాధ తీరుతుంది. డిస్కు పూర్తిగా నిండిపోయినా ఫైళ్ళు సేవ్ కావు. ఒక్కరికే అయితే ఆ కంప్యూటరులో దాగి ఉన్న పాత పాస్‌వర్డును తొలగించి చూడాలి.

ఇటీవల తరచుగా ఎదురవుతున్న చిక్కు మరొకటుంది. విండోస్ 11 ప్రోకు 24హెచ్2 నవీకరణ వచ్చాక, పాస్‌వర్డు లేకుండా 'గెస్ట్'గా తెరిచే ఫోల్డర్లు తెరుచుకోవడం మానేశాయి. దీనికి సరైన మందు ప్రతి ఒక్కరికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డు ఇవ్వడం. కొందరు మెకానిక్కులు మాత్రం ఆ భద్రతను ఆపివేసి, ఎస్‌ఎమ్‌బీ 1 అనే పాత పద్ధతిని తిరిగి తెరిచి చేతులు దులుపుకుంటారు. దానికి ఒప్పుకోకండి. 2017 మే 12న మొదలైన వానాక్రై దాడి వ్యాపించింది ఆ పాత పద్ధతిలోని లోపం గుండానే. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయి. ఆ లోపానికి సవరణ అదే ఏడాది మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

సొంత పేర్లతో మరో మేలుంది. ఉమ్రా యాత్రికుల పాస్‌పోర్టు నకళ్ళు, ఆధార్ కాపీలు, ఇంటి స్త్రీల ఫోటోలు ఆ ఫోల్డరులోనే ఉంటాయి. బిల్లులు కొట్టే కుర్రవాడికి అవన్నీ కనిపించవలసిన అవసరమేమిటి? మక్కావాసులు తమ సొత్తును దైవప్రవక్త (సల్లం) వద్ద దాచుకునేవారు. హిజ్రత్ వేళ వాటిని సొంతదారులకు అప్పగించే బాధ్యతను ఆయన హజ్రత్ అలీ (రజి)కి ఒప్పజెప్పారు. పరుల కాగితాలు మన వద్ద ఉన్నంతకాలం వాటి స్థితి అదే. ఎవరి పనికి కావలసిన ఫోల్డరు వారికే తెరవాలి. పని మానినవారి పేరును ఆ రోజే మూసివేయాలి.

ఇక అసలు ప్రమాదం. నాస్ పెట్టెలో రెండు డిస్కులున్నాయి గనుక బెంగలేదని చాలామంది భావిస్తారు. ఒక డిస్కు చెడిపోతే రెండవది ఆదుకునే మాట నిజమే. కాని ఎవరైనా పొరపాటున ఖాతాను చెరిపివేస్తే అది రెండింటిలోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. పైగా నెట్‌వర్క్ ఫోల్డరులో చెరిపిన ఫైలు చెరిపినవారి కంప్యూటరులోని రీసైకిల్ బిన్‌లోకి రాదు. పెట్టెలోనే రీసైకిల్ ఏర్పాటు ఉంటే ముందుగా దానిని ఆన్ చేసి ఉంచాలి. వేరొక హార్డ్‌డిస్కులోకి వారం వారం నకలు తీసి, పని ముగియగానే దానిని ఊడదీసి ఇంటి బీరువాలో పెట్టాలి. తగిలించి వదిలేస్తే వైరసు దానినీ కబళిస్తుంది. నెలకొకసారి ఆ నకలు నుండి ఒక ఫైలు తెరిచి చూడాలి; తెరిచి చూడని నకలును నకలుగా లెక్కించలేము.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. షరీఅత్ ప్రకారం మృతుని అప్పులు తీర్చిన తర్వాతే వారసత్వ పంపకం. పెద్దన్న ఒక్కడికే పాస్‌వర్డు తెలిసిన దుకాణంలో అతడు హఠాత్తుగా కన్నుమూస్తే ఎవరికి ఎంత బాకీయో ఎవరు చెబుతారు? తెలియని బాకీ తీరదు. భార్యకు, చెల్లెళ్ళకు రావలసిన వాటాలు సైతం ఆ పెట్టెలోనే చిక్కుకుపోతాయి. వసీయత్ చేయవలసినది ఉన్నవాడు అది వ్రాయకుండా రెండు రాత్రులు గడపరాదన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మన ఇళ్ళలో వసీయత్ మాటెత్తితే అపశకునమన్నట్లు ముఖం త్రిప్పుకుంటారు!

అందుచేత పెట్టె అడ్మిన్ పాస్‌వర్డు, నకలు డిస్కు ఉన్న చోటు, ఖాతాలున్న ఫోల్డరు పేరు ఒక కాగితంపై వ్రాసి, కవరులో అంటించి, ఇంట్లో విశ్వసనీయులైన ఇద్దరికి తెలిసేలా భద్రపరచండి. ఆ ఇద్దరిలో ఒకరు భార్యో తల్లో అయితే మేలు. పాస్‌వర్డు మార్చిన రోజే కవరులోని కాగితం కూడా మార్చండి.